పాటలన్నీ పెద్ద యాప్‌లలోనే ఉన్నాయి, మా చిన్న ఇంటర్నెట్ రేడియో నడపాలా, ఆపేయాలా?

తణుకు_గాలి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి.

2021లో కోవిడ్ టైంలో పనుల్లేక ఇంట్లో కూర్చున్నప్పుడు నేనూ మా బావమరిదీ కలిసి ఇంటర్నెట్ రేడియో ఒకటి మొదలెట్టాం. తణుకులో మా మేడ మీద గది, పాత లాప్‌టాప్, రెండు మైకులు, గొంతు మార్మోగకుండా గోడలకి మా అమ్మ కుట్టిన బొంతలు. అదే స్టూడియో. పగలంతా పాత పాటలు వాటంతటవే తిరుగుతుంటాయి, రాత్రి తొమ్మిదింటికి నేను మైకు ముందు కూర్చుంటాను. శుక్రవారం మాత్రం పొద్దున్నే. కువైట్‌లో ఉన్న మనవాళ్ళకి ఆ రోజు సెలవు కదా, వాళ్ళు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపితే ప్లే చేస్తాం, ఇక్కడ ఇంట్లోవాళ్ళు దానికి జవాబు చెప్తారు. మామూలు రోజుల్లో నలభై యాభై మంది, శుక్రవారం రెండొందల దాకా వింటారు.

సర్వర్‌కి నెలకి 1,800 అవుతుంది. మొన్నటిదాకా తొమ్మిది కొట్లవాళ్ళు తలా 500 ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు నలుగురు మిగిలారు. పచ్చళ్ళ కొట్టు ఆవిడైతే మొహమాటం లేకుండా చెప్పేసింది: "మా అబ్బాయి రీల్స్‌కి డబ్బులు కడితే ఎంతమంది చూశారో అంకె చూపిస్తన్నాడు, నువ్వేం చూపిస్తావు బాబూ?" నా దగ్గర జవాబు లేదు. అది చాలదన్నట్టు గత నెల ఒక మ్యూజిక్ కంపెనీ నుంచి మెయిలొచ్చింది, మా పాటలు ఏ అనుమతితో వేస్తున్నారని. అప్పటినుంచి టెన్షన్. బావమరిది మూసేద్దాం అంటున్నాడు. అన్ని పాటలూ ఫోన్‌లో దొరుకుతుంటే మనల్ని ఎవడు వింటాడు బావా అంటాడు. వాడి మాటా తప్పని కాదు.

ఇలాంటివి నడిపినవాళ్ళు, తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి.

డాలస్_సుబ్బు:

తమ్ముడూ, నువ్వు పడుతున్న బాధ ఇక్కడ అమెరికాలో ఇరవై ఏళ్ళ క్రితమే ఒక రౌండు అయిపోయింది. ఆ రోజుల్లో నేనూ ఇలాంటి రేడియోకి వారానికి రెండు గంటలు కూర్చునేవాణ్ణి కాబట్టి కాస్త తెలుసు.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఎఫ్ఎం స్టేషన్ పాట వేస్తే రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ డబ్బు కడుతుంది గానీ, పాడినవాళ్ళకీ రికార్డు కంపెనీకీ పైసా కట్టక్కర్లేదు, ఇప్పటికీ అంతే. అదే పాట ఇంటర్నెట్‌లో వేస్తే మాత్రం పాడినవాళ్ళకీ రికార్డు కంపెనీకీ కూడా కట్టాలి. 2002లో రేటు తేల్చారు: ఒక పాటకి, వినే ఒక్కో మనిషికి, 0.07 సెంట్లు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. లెక్క వేసి చూడు. గంటకి పదిహేను పాటలు, వందమంది రాత్రింబవళ్ళు వింటున్నారనుకుంటే నెలకి 756 డాలర్లు. 2007లో మళ్ళీ కూర్చుని, 2010 నాటికి 0.19 సెంట్లయ్యేలా పెంచుకుంటూ పోయారు, అంటే అదే వందమందికి రెండు వేల డాలర్ల పైమాట. ఎఫ్ఎం వాడికి టవర్ ఖర్చు ఒకటే, వెయ్యిమంది విన్నా లక్షమంది విన్నా మారదు. మనకి మనిషి పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది. జనం ఎక్కువైతే నష్టం ఎక్కువయ్యే వ్యాపారం ఎక్కడైనా చూశావా?

2002 మే 1న ఒకసారి, 2007 జూన్ 26న ఒకసారి చాలా ఇంటర్నెట్ రేడియోలు ఈ రేట్లకి నిరసనగా పాటలు ఆపేసి మౌనం పాటించాయి. ఆ గొడవ తర్వాత చిన్నవాళ్ళు వచ్చిన ఆదాయంలో ఇంత శాతం కడితే చాలని ఒప్పందాలు వచ్చాయి. అవీ 2015తో తీరిపోయాయి. చిన్న చిన్న స్టేషన్లకి వేదికగా ఉండే లైవ్365 2016 జనవరిలో మూతబడింది, మరుసటి ఏడాది వేరే చేతుల్లోకి వెళ్ళి మళ్ళీ తెరిచారనుకో.

అయినా బతికినవాళ్ళున్నారు. సోమాఎఫ్ఎం, రేడియో పారడైజ్, రెండూ 2000లో పుట్టినవే. ప్రకటనలు లేవు, వినేవాళ్ళిచ్చే చందాలతో ఇప్పటికీ నడుస్తున్నాయి. పాటలు వాళ్ళ దగ్గరే ఉన్నాయని కాదు జనం డబ్బులిచ్చేది. ఏ పాట తర్వాత ఏది వేయాలో తెలిసిన మనిషి అక్కడున్నాడని.

పెద్దవాళ్ళ సంగతి కూడా ఒకటి చెప్పనీ. 1996లో చట్టం మారకముందు ఇక్కడ ఒక కంపెనీకి దేశం మొత్తం మీద 40 స్టేషన్లకి మించి ఉండకూడదు. ఆ పరిమితి ఎత్తేశాక క్లియర్ ఛానెల్ అనే కంపెనీ దాదాపు 1,200 దాకా కొనేసింది. 2002 జనవరిలో నార్త్ డకోటాలో మైనాట్ అనే ఊరి పక్కన అర్ధరాత్రి గూడ్సు రైలు పట్టాలు తప్పి అమ్మోనియా గ్యాస్ ఊరి మీదికి వచ్చింది. ఆ ఊళ్ళో వ్యాపార రేడియోలు ఆరు, ఆరూ ఆ కంపెనీవే. జనానికి హెచ్చరిక చెప్పించాలంటే స్టేషన్లో ఫోన్ ఎత్తే మనిషి దొరకలేదని దేశమంతా పెద్ద రచ్చయింది. కంపెనీ తన వాదన తను చెప్పుకుంది, అది వేరే కథ. నాకు మాత్రం నీ పోస్టు చదవగానే అదే గుర్తొచ్చింది. నీ గదిలో కనీసం మనిషున్నాడు.

ప్లీడరుగారబ్బాయి:

సుబ్బుగారు చెప్పింది అమెరికా సంగతి. మన దగ్గర లెక్క వేరు, ఒక రకంగా ఇంకా కష్టం.

కాపీరైట్ చట్టంలో 2012లో 31డి అని ఒక సెక్షన్ చేర్చారు. ప్రసారం చేసేవాళ్ళు ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రేటు కట్టేస్తే చాలు, పాట వేసుకోవచ్చు, కంపెనీ కాదనడానికి లేదు. ఎఫ్ఎంలకి ఇది పెద్ద వరం. ఇంటర్నెట్‌కి కూడా వర్తిస్తుందని 2016లో ప్రభుత్వం ఒక మెమో ఇచ్చింది. కానీ 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు, ఇది రేడియోకీ టీవీకీ మాత్రమే, ఇంటర్నెట్‌కి కాదు అంది. 2022లో అదే కోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచి కూడా అదే ఖాయం చేసింది. విచిత్రమేమిటంటే ఆ కేసులో ఓడిపోయింది నీలాంటి చిన్నవాడు కాదు, పెద్ద టెలికాం కంపెనీ తాలూకు యాప్. వాళ్ళు ఓడినా కంపెనీతో కూర్చుని బేరమాడుకోగలరు. దెబ్బ నీకు తగిలింది. ఎందుకంటే ఎఫ్ఎం వాడికున్న ఫిక్స్‌డ్ రేటు నీకు లేదు, ప్రతి హక్కుదారు దగ్గరికీ నువ్వే వెళ్ళాలి.

పాతపాటలు కదా ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకి ఒక మాట. రికార్డు మీద హక్కు విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళు. అంటే 1957లో వచ్చిన రికార్డుకి 2017తో తీరిపోయింది. సరే, మరి సాహిత్యం? రాసినాయన పోయాక 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు, కాబట్టి ఆయన మాట మీద హక్కు 2031 చివరి దాకా ఉంటుంది. బాణీకీ ఇదే లెక్క, ఘంటసాలగారు పోయింది 1974లో. రికార్డు మీద హక్కు తీరిపోయినా మాటా బాణీ మీద ఇంకా తీరలేదన్నమాట. మాటకీ బాణీకీ ఐపీఆర్ఎస్ అనే సంస్థ దగ్గర, రికార్డుకి పీపీఎల్ అనే సంస్థ దగ్గర లైసెన్సులుంటాయి, పీపీఎల్‌లో లేని కంపెనీలతో విడిగా మాట్లాడుకోవాలి. ఆ మెయిల్‌కి జవాబివ్వకుండా మాత్రం ఉండకు. ముందు ఆ కంపెనీ పాటలన్నీ తీసేయ్, తీసేశానని మర్యాదగా రాయి, దగ్గర్లో లాయరుకి ఒకసారి చూపించు.

అన్నమయ్య, త్యాగయ్య అయితే హక్కుల గొడవ లేదు కదా అంటావేమో. త్యాగయ్య వరకు పర్లేదు, మీ ఊళ్ళో పాడే అమ్మాయి చేత రికార్డు చేయించుకో. అన్నమయ్య దగ్గర జాగ్రత్త. మాట ఆయనదే గానీ మనం వినే బాణీలు చాలావరకు గత శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారి లాంటి వాళ్ళు కట్టినవి.

కీబోర్డు_కాకి:

ఇంత తంటా ఎందుకు బాబాయ్, పాడ్‌కాస్ట్ చేసుకో, సర్వర్ ఖర్చు కూడా ఉండదు 😄

తణుకు_గాలి:

కాకిగారూ, అదీ ఆలోచించాను. కానీ పాడ్‌కాస్ట్‌లో అవతలివాడు ఇప్పుడే వింటున్నాడనేది ఉండదు.

సుబ్బన్న ఆ రైలు సంగతి చెప్పాక నాకు 2022 జూలై గుర్తొచ్చింది. గోదారికి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిన రోజులు. 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడోది ఇస్తారు, ఆ ఏడు అది ఎక్కడికో పోయింది. అప్పుడు మేం పాటలాపేసి గంటకోసారి ధవళేశ్వరం దగ్గర నీళ్ళెంత ఉన్నాయో అధికారులు ఇచ్చిన అంకె చదివేవాళ్ళం, అంతే, ఇంకేం లేదు. గోదారి మధ్య లంకల్లో ఇళ్ళున్నవాళ్ళు కువైట్ నుంచి నిద్రమానేసి విన్నారు. ఒకాయన, డ్రైవరు, మా అమ్మ ఫోను ఎత్తట్లేదు, ఎవరైనా పి.గన్నవరం వైపు వింటుంటే చూసి చెప్పండని మెసేజ్ పెట్టాడు. దాన్ని మూడుసార్లు చదివాను, మూడోసారి నా గొంతే సరిగ్గా రాలేదు. గంటన్నరకి ఎవరో కుర్రాడు, ఆవిడ స్కూల్లో పెట్టిన శిబిరంలోనే ఉంది, ఫోన్లో ఛార్జింగ్ లేదంతే అని ఆవిడ చేతే మాట్లాడించి పంపాడు. అప్పుడు 340 మంది వింటున్నారు. మళ్ళీ ఆ అంకె ఎప్పుడూ రాలేదు.

కానీ వరద రోజూ రాదు కదా. రాకూడదు కూడా. మిగతా రోజుల సంగతేంటి?

శ్రీలక్ష్మీ_కిరాణా:

నేను రేడియోవాణ్ణి కాదు, కొట్టువాణ్ణి. భీమవరం పక్కన మాది. మా రోడ్డు మీద ఏసీ సూపర్‌మార్కెట్ పడినప్పుడు నేనూ ఇలాగే మూసేద్దామనుకున్నా. కందిపప్పు వాడు అమ్మే రేటు నేను కొనే రేటుకంటే తక్కువ, ఇంకేం పోటీపడతాను? అందుకే పప్పు రేటుతో పోటీ మానేశా. అరువు పుస్తకం ఉంచా, ముసలాళ్ళకి ఇంటికి పంపడం మొదలెట్టా.

ఇలాంటి చిన్న రేడియోకే ఒకదానికి నేను ఆరు నెలలు ప్రకటన ఇచ్చా. మొదట్లో రికార్డు చేసిన ప్రకటన, వెనకాల మ్యూజిక్, "నాణ్యతకు మారుపేరు" టైపు. ఒక్కడు రాలేదు. తర్వాత ఆ కుర్రాడే అన్నాడు, మీరే మాట్లాడండి బాబాయ్ అని. ఫోన్లో నా గొంతుతోనే చెప్పా: ఈ వారం కొత్త బెల్లం వచ్చింది, ఉప్పదనం లేదు, రేడియోలో విన్నానని చెప్తే పావుకిలో మీద పది రూపాయలు తగ్గిస్తా. పక్కన కాగితం పెట్టుకుని గీతలు గీశా. ఆ నెల పదకొండుమంది చెప్పారు. పదకొండు ఏమంత అంకె కాదు, కానీ అందులో ముగ్గురు గల్ఫ్ నుంచి ఫోన్ చేసినవాళ్ళు. అమ్మానాన్నలకి నెల సరుకులు పంపమని, డబ్బు వాళ్ళు పంపుతారని. ఆ మూడు ఖాతాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఏ రీల్ తెచ్చిపెడుతుంది నాకు ఆ ముగ్గుర్ని?

పచ్చళ్ళ కొట్టు ఆవిడకి ఎంతమంది విన్నారో చెప్పకు, అక్కడ నువ్వు ఓడిపోతావు. కొట్టుకి ఎవరొచ్చారో గీతలు గీయమను. ఆవిడ చేతే మాట్లాడించు. ఆవకాయ గురించి ఆవిడ మాట్లాడితే వినబుద్ధవుద్ది, నువ్వు చదివితే కాదు.

డాలస్_సుబ్బు:

బాబాయ్ చెప్పింది కరెక్ట్. ఇంకో చిన్న మాట, టెక్నికల్‌ది. మాట్లాడే ప్రోగ్రాములకి 64 కేబీపీఎస్ (సెకనుకి పంపే డేటా) చాలు, మనిషికి గంటకి 29 ఎంబీ కూడా కాదు, రెండొందల మంది విన్నా గంటకి 6 జీబీ లోపే. నువ్వు 128లో పంపుతుంటే సగానికి దించు. ఇంటర్నెట్ రేడియో నడిపే సాఫ్ట్‌వేర్ అజురాకాస్ట్ ఉచితంగా దొరుకుతుంది, చిన్న సర్వర్ మీద అదే పెట్టుకుంటే నెలకి 1,800 అవసరం లేదు. సోషల్ మీడియా లైవ్‌ని మాత్రం నమ్ముకోకు, వెనకాల ఎవరి టీవీలోనో పాట మోగినా మిషనే పట్టుకుని గొంతు నొక్కేస్తుంది.

తణుకు_గాలి:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి బావమరిదితో కూర్చుని లెక్కేశాం. మెయిల్ పెట్టిన కంపెనీ పాటలు తీసేశాం, 412 పోయాయి. రాశాం, తీసేశామని. మిగతా సినిమా పాటలకి లైసెన్సు ఎంతవుతుందో కనుక్కునేదాకా అవి కూడా ఆపేస్తున్నాం. అంటే పగలు ఖాళీ. బావమరిది మొహం చూడాలి మీరు.

పగలు ఏం వేయాలో ఇంకా తేలలేదు. పడవ పాటలు, ఊడుపు పాటలు వచ్చినవాళ్ళు మా పెద్దమ్మ తరంలో నలుగురైదుగురున్నారు, వాళ్ళ దగ్గరికి ఫోన్ పట్టుకుని వెళ్దామనుకుంటున్నా. శుక్రవారం ప్రోగ్రాం ఒక గంట నుంచి మూడు గంటలు చేస్తున్నాం.

పచ్చళ్ళావిడ దగ్గరికి పొద్దున్నే వెళ్ళొచ్చా. మైకు పెడితే మాట్లాడనంది. కాయ ముక్కలు కొట్టేటప్పుడు పక్కన ఫోన్ పెట్టి, ఈ ఏడు కాయ ఎలా ఉందండీ అని అడిగా. ఇరవై రెండు నిమిషాలు మాట్లాడింది, మధ్యలో నన్ను తిట్టింది కూడా, కత్తి దగ్గర చెయ్యి పెట్టానని. తిట్టు ఉంచాలా తీసేయాలా అన్నదొక్కటే ఇప్పుడు మా ఇద్దరికీ గొడవ.

శ్రీలక్ష్మీ_కిరాణా:

ఉంచు.