రివెండెల్‌లో రెండు నెలలు: సిద్ధపడటమా, సాగదీయడమా?

ఓరుగల్లు_చదువరి

‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడో సంపుటం 1955లో వచ్చింది. దాని చివర టోల్కీన్ తేదీలవారీగా ఒక పట్టిక ఇచ్చారు. కథను పక్కనపెట్టి ఆ పట్టిక ఒక్కటే చదివితే కాలం ఎక్కడ పోయిందో తెలిసిపోతుంది. ఆ కథాలోకపు లెక్కలో 3018వ సంవత్సరం ఏప్రిల్ 12న మాంత్రికుడు గాండాల్ఫ్ కథానాయకుడు ఫ్రోడో ఊరికి వస్తాడు, ఫ్రోడో దగ్గరున్నది శత్రువు ఉంగరమన్న సంగతి ఆ రాకలోనే చెప్తాడు. ఫ్రోడో ఇల్లు కదిలేది సెప్టెంబర్ 23న. అక్టోబర్ 25న ఎల్ఫుల నివాసమైన రివెండెల్‌లో, ఆ ఉంగరాన్ని నాశనం చేయాలని తేల్చిన సభ. అక్కడి నుంచి బయల్దేరింది డిసెంబర్ 25న. జనవరి 17న లోరియన్ అనే ఎల్ఫుల అడవిలోని నగరం చేరి ఫిబ్రవరి 16 దాకా అక్కడే. మార్చి 25న ఉంగరం కరిగింది.

కూడి చూడండి. మొత్తం పదకొండున్నర నెలలు. అందులో సుమారు ఎనిమిదిన్నర నెలలు ఒక్క అడుగు ముందుకు పడలేదు. టైం మేనేజ్‌మెంట్ గురించి మాట్లాడేవాళ్లు ఈ కథను ‘ఓపికగా సిద్ధపడటానికి’ ఉదాహరణగా చూపిస్తుంటారు. నా మాట దానికి పూర్తిగా ఎదురు: ఇది వాయిదాల కథ. గ్రూప్-2కు చదివేవాళ్లు దీన్ని చూసి నేర్చుకోవాల్సింది ఎలా ఉండకూడదో. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి.

మానేరు_ఒడ్డు

ఎనిమిదిన్నర నెలలను ఒకే గంపలో వేయడం సరికాదన్నా. ఫ్రోడో ఊళ్లో, రివెండెల్‌లో, లోరియన్‌లో ఆగడానికి మూడు వేర్వేరు కారణాలున్నాయి.

రివెండెల్ సంగతే తీసుకోండి. సభ అయిన వెంటనే అక్కడి పెద్ద ఎల్‌రాండ్ నాలుగు దిక్కులకూ వేగులను పంపాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి డిసెంబర్ అయింది. తెచ్చిన సమాచారం చిన్నదేం కాదు: తొమ్మిది నల్ల గుర్రాల్లో ఎనిమిది వరదలో చచ్చినట్టు తేలింది. అంటే ఉంగరం కోసం ఫ్రోడో వెంటపడ్డ శత్రువు సేవకులు, ఆ నల్ల రౌతులు, కొన్నాళ్లపాటు దారి మీదికి రాలేరు. ఇది తెలియకుండా అక్టోబర్ చివర్లో బయల్దేరి ఉంటే గుడ్డిగా నడిచినట్టే.

పరీక్ష హాల్లోనూ ఇంతే. గ్రూప్-2లో ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం అనుకుని ఒకటో నంబర్ నుంచి వరుసగా పోయేవాళ్లు నలభయ్యో ప్రశ్న దగ్గరో యాభయ్యో ప్రశ్న దగ్గరో ఒక లెక్కలో ఇరుక్కుని ఏడెనిమిది నిమిషాలు పోగొట్టుకుంటారు. దానికి బదులు మొదటి 75 నిమిషాల్లో పేపర్ మొత్తం తిరగేసి, చూడగానే వచ్చేవి మాత్రమే పెట్టాలి. తర్వాతి 50 నిమిషాలు ఆలోచిస్తే వచ్చేవాటికి. మిగిలిన 25 మొండివాటికీ, సరిచూసుకోవడానికీ. ఓఎంఆర్ బబ్లింగ్ చివరికి పెట్టుకోవద్దు, పేజీ అయిపోగానే ఆ పేజీవి దిద్దేయాలి. చివర్లో హడావిడిగా దిద్దితే ఒక్క వరుస జారినా కింద ఉన్నవన్నీ జారతాయి. ఆ మొదటి రౌండ్ వేగులను పంపడం లాంటిది. బయటినుంచి చూసేవాళ్లకు పని సాగనట్టే ఉంటుంది.

కాజీపేట_జంక్షన్

ఇద్దరూ అసలు ముచ్చట వదిలేసిన్రు. టైం పోయింది రివెండెల్‌ల కాదు, బ్రీ ఊరి సత్రంల పోయింది.

గుర్తు చేస్త. జూన్ ఆఖర్ల గాండాల్ఫ్ బ్రీకి వస్తడు. ఫ్రోడోకు ఉత్తరం రాసి సత్రం ఓనర్ బటర్‌బర్ చేతికిస్తడు. అండ్ల ఉన్నది సూటి మాట: ఎంత ఆలస్యమైనా జూలై ఆఖరుకల్ల ఇల్లు విడువు. బటర్‌బర్ రేపే పంపిస్త అన్నడు. తెల్లారి పోయేటోడు దొరకలే, ఆ తెల్లారి గూడ దొరకలే, తర్వాత పని మీద పని వచ్చి మర్చేపోయిండు. జూలై 10న గాండాల్ఫ్‌ను, దారి తప్పిన ఇంకో మాంత్రికుడు సారుమాన్ తన గోపురంల బంధించిండు, సెప్టెంబర్ దాకా బయటికి రాలే. ఆ ఉత్తరం ఫ్రోడో చేతికి వచ్చింది సెప్టెంబర్ 29 రాత్రి, అదీ ఆయనే ఆ సత్రానికి పోయినంక. మూడు నెలలు ఆలస్యం. ఫ్రోడో గుమ్మం దాటే సాయంత్రమే నల్ల రౌతు పక్కింటి ముసలాయన దగ్గర నిలబడి అడుగుతుండె.

బటర్‌బర్ చెడ్డోడు కాదు, బద్ధకస్తుడు గూడ కాదు. ఆయనకు సత్రం నిండ పని. తప్పు అప్పజెప్పిన తీరుల ఉన్నది. గాండాల్ఫ్ చేయాల్సినయి మూడు, ఒక్కటీ చేయలే. ఎప్పటికల్ల చేరాలె, చేరకపోతే ఎవరికి చెప్పాలె అన్నది ఉత్తరం తీసుకున్నోనికి తెలియాలె. చేరినట్టు కబురు తనకు తిరిగి రావాలె. ఒకే దారి మీద ఉండకుండ ఇంకో మనిషి ఉండాలె. బటర్‌బర్ మతిమరుపు సంగతి గాండాల్ఫ్‌కు ముందే తెలుసు, ఆ ఉత్తరంలనే రాసిండు. తెలిసి గూడ ఆయనకే ఇచ్చిండు.

మన దగ్గర రోజూ జరిగేదిదే. మీసేవల ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు అప్లికేషన్ పెట్టి, ‘అయిపోతది’ అన్న మాట మీద ఉండిపోతరు. రసీదు మీద అప్లికేషన్ నంబర్ ఉంటది, దాంతోని స్టేటస్ చూసుకోవచ్చు. చూడరు. కౌన్సెలింగ్ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు రెండు దినాలు ఉన్నయనంగ చూస్తే ఏదో ఒక కాగితం తక్కువైందని అది తహసీల్దార్ ఆఫీసులనే ఆగి ఉంటది. పని ఇచ్చిన నాడే ఫోన్ క్యాలెండర్‌ల రెండు తారీఖులు పెట్టుకోవాలె: మూడో దినం ‘కదిలిందా?’ అని, ఆఖరు తారీఖుకు వారం ముందల ‘చేతికొచ్చిందా?’ అని. రోజుకు పది గంటలు చదివి ఈ రెండు తారీఖులు పెట్టుకోకపోతే ఆ పది గంటలు ఎందుకూ పనికిరావు.

ఓరుగల్లు_చదువరి

ఉత్తరం సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఫ్రోడో తప్పు పోదు. త్వరగా, గుట్టుగా వెళ్లమని గాండాల్ఫ్ చెప్తే, తన యాభయ్యో పుట్టినరోజు దాటాక బయల్దేరతానని తేదీ పెట్టుకున్నది అతనే. సెప్టెంబర్ 22 అతని మనసుకు నచ్చిన రోజు, పనికి కావాల్సిన రోజు కాదు. ‘ఉగాది నుంచి మొదలుపెడతా’ అనేది ఇదే.

తంగేడు

మనసుకు నచ్చిన తేదీ అంటే తప్పేనా తమ్మీ? తేదీ పెట్టుకోవడంలో తప్పు లేదు. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క వేయకపోవడం తప్పు.

సద్దుల బతుకమ్మ చూడు. దుర్గాష్టమి నాడు పొద్దుగూకేసరికి బతుకమ్మ వాకిట్లో ఉండాలె, ఆ రోజు ముందుకూ వెనక్కీ జరగదు. అందుకే ఆడవాళ్లు ఆ రోజు నుంచి వెనక్కి లెక్క కడతరు. గునుగు ముందురోజే కోయవచ్చు, వాడదు. చిన్న కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, రంగు నీళ్లలో ముంచి నీడకు ఆరబెట్టాలె. రాత్రంతా ఆరకపోతే పేర్చేటప్పుడు పక్క వరుసకు రంగు అంటుకుంటది. తంగేడు పువ్వు మాత్రం ఆ రోజు పొద్దున్నే. ముందురోజు తెచ్చిపెడితే వడిలి రెక్క రాలుతది, పేర్చిన వరుస కుంగి బతుకమ్మ ఒరుగుతది. సద్దుల్లో గూడ అంతే. నువ్వులు, పల్లీలు వేయించి దంచిన సత్తుపిండి రెండు రోజులు ముందే చేసిపెట్టొచ్చు. కొబ్బరి సత్తు ఆ రోజే, పెరుగన్నం అన్నిటికన్న ఆఖర్న.

అంటే పనులు రెండు తీర్లు: ముందే చేస్తే ఆగేవి, ముందే చేస్తే పాడయ్యేవి. ఫ్రోడోకు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ముందే చేస్తే ఆగే పనులు ఎన్నో ఉండె. కొన్ని చేసిండు గూడ: ఇల్లు అమ్మిండు, బక్‌లాండ్‌లో వేరే ఇల్లు కొన్నడు, అక్కడికి మకాం మారుస్తున్నట్టు అందరికీ చెప్పిండు. ఇవి నెలలు పట్టే పనులు, గుట్టు కాపాడే పనులు. ఊరికే కూసున్నడని నేను ఒప్పుకోను.

కాజీపేట_జంక్షన్

మంచిగ చెప్పినవ్ అక్కా. ఇంకొకటి కలుపుత. వెనక్కి లెక్క కట్టేటప్పుడు ఎక్స్‌ట్రా టైం ఎక్కడ పెట్టాల్నన్నది గూడ చూడాలె. నాలుగు పనులుంటే ఒక్కోదానికి అర్ధగంట చొప్పున పెట్టి, 40 నిమిషాలు మొత్తం ఆఖర్ల ఒక్కదగ్గర ఉంచాలె. ఒక్కో పనికి పది నిమిషాలు ఎక్కువ పంచితే ఆ పని ఆ పది నిమిషాలు గూడ తింటది, ఆఖరుకు ఏం మిగలదు. ఫ్రోడో వెంట పోయిన శామ్, లెంబాస్ అనే ఎల్ఫుల రొట్టెను గట్లనే చూసిండు. శత్రువు దేశం మోర్డోర్‌ల లెక్క చేస్తే పోవడానికే సరిపోతది, తిరిగి రావడానికి లేదని అర్థమైంది ఆయనకు. ఉన్నది మొత్తం దారి పొడుగునా తినలే, ఆఖరి దినాలకు దాచిండు.

మానేరు_ఒడ్డు

పుట్టినరోజు విషయంలో నేనూ తంగేడక్క పక్షమే. ఆ తేదీకి గాండాల్ఫ్ కూడా సరేనన్నాడు, అంతకన్నా ఆలస్యం వద్దని మాత్రం హెచ్చరించాడు.

ఓరుగల్లు_చదువరి

సరే, ఇల్లు అమ్మడం పనే. దాన్ని నా ఎనిమిదిన్నర నెలల లెక్కలోంచి తీసేస్తున్నా. లోరియన్ కూడా వదిలేస్తా, గాండాల్ఫ్ మోరియాలో పడిపోయాక ఆ మనుషులు వెంటనే నడవగలిగే స్థితిలో లేరు. కానీ రివెండెల్ విషయంలో మెత్తబడను. వేగుల కోసం ఆగినందుకు కట్టిన ధర చూడండి. డిసెంబర్ చివర్లో కదిలితే కారడ్రాస్ కనుమకు చేరింది జనవరి 11న. రెండు రోజుల మంచుకు దారి మూసుకుపోయింది, వెనక్కి దిగి మోరియా గుహల్లోంచి పోవాల్సి వచ్చింది. జనవరి 15న వంతెన మీద గాండాల్ఫ్ పోయాడు. సభ అయిన మూడో వారంలో బయల్దేరి ఉంటే నవంబర్ చివరికల్లా కనుమ దగ్గర ఉండేవాళ్లు.

మానేరు_ఒడ్డు

మీరు చెప్పిన నవంబర్ లెక్క సరే. కానీ నవంబర్‌లో కనుమ తెరిచి ఉండేదని పుస్తకంలో ఎక్కడుంది? ఆ మంచు మామూలు మంచేనా, ఎవరైనా పంపిందా అని వాళ్లే అక్కడ వాదించుకుంటారు. ఎవరో పంపిందే అయితే నవంబర్‌లోనూ పడేది. పైగా నవంబర్‌లో వాళ్లకు ఎనిమిది గుర్రాల సంగతి తెలిసేది కాదు. ఆ రెండు నెలల్లో కొంత తగ్గించవచ్చు అంటే వింటాను, మొత్తం వృథా అంటే మాత్రం ఒప్పుకోను. వేగులకు ‘ఫలానా తేదీకల్లా, దొరికినంతవరకే చాలు, వచ్చేయండి’ అని గడువు పెట్టాడా లేదా అన్నదొక్కటే ఎల్‌రాండ్‌ను అడగాల్సిన ప్రశ్న.

కాజీపేట_జంక్షన్

గడువు పెట్టినట్టు ఎక్కడా కనబడదు అన్నా. బటర్‌బర్‌కు గాండాల్ఫ్ చెప్పని మాటే అది.