బర్క్‌లీ సీఎస్: పాత 3.3 గేటు నయమా, అడ్మిషన్ దగ్గరే తేల్చేయడం నయమా?

ఫ్రీమాంట్_నాన్న:
మా అమ్మాయి ఈసారి యూసీలకు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకు) అప్లై చేస్తోంది. బర్క్‌లీకి మ్యాథ్స్ పెట్టి చేరి, తర్వాత సీఎస్‌కి (కంప్యూటర్ సైన్స్‌కి) మారిపోవచ్చని మా వాట్సాప్ గ్రూపులో చాలామంది అంటున్నారు. ఆ దారి మూసేశారని ఇంకొందరు. మూసేసి ఉంటే అది పిల్లలకు మేలా, అన్యాయమా? తెలిసినవాళ్లు చెప్పండి.

బేర్_2019:
అంకుల్, మీ గ్రూపువాళ్లు చెప్పేది మా కాలం మాట. అప్పట్లో లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీలో చేరినవాళ్లు సీఎస్ 61ఏ, 61బీ, 70 అనే మూడు తొలి కోర్సులూ కలిపి 4కి 3.3 జీపీఏ తెచ్చుకుంటే సీఎస్‌ని మేజర్‌గా డిక్లేర్ చేసేవాళ్లు. 2023 ఫాల్‌లో చేరినవాళ్ల నుంచి అది పోయింది. సీఎస్ కావాలంటే అప్లికేషన్‌లోనే అడగాలి. వేరే మేజర్‌లో చేరి మారాలంటే కాంప్రహెన్సివ్ రివ్యూ (అన్నీ కలిపి చూసే పరిశీలన) దాటాలి, సీట్లు బాగా తక్కువ. దాన్ని నమ్ముకుని మాత్రం చేరొద్దు.

నా మటుకు పాతదే న్యాయం. మా హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కంప్యూటర్ సైన్సే లేదు. 61ఏలో కూర్చునేదాకా నేను ఒక్క లైను కోడ్ రాయలేదు. నాలాంటివాళ్లు 17 ఏళ్లకే సీఎస్ మీద ఇష్టం ఉందని కాగితం మీద ఎలా చూపించాలి?

గణితం_టీచరమ్మ:
బాబూ, నువ్వు దాటావు కాబట్టి ఆ గేటు నీకు న్యాయంగా కనిపిస్తోంది. లోయర్ డివిజన్ (మొదటి రెండేళ్ల) కోర్సుల్లో క్లాసు సగటు 2.8 నుంచి 3.3 మధ్య ఉండాలని ఆ డిపార్ట్‌మెంటు మార్గదర్శకాలే చెప్పేవి. అంటే అది అనుకున్న సగటుకు పైఅంచునే గీత గీసింది. బాగానే చదువుతున్న పిల్లలు కూడా చాలామంది ఆగిపోక తప్పదు. పైగా సీ వచ్చిన కోర్సును మళ్లీ రాయడానికి లేదు. 61ఏలో బీ వస్తే మిగతా రెండింటిలో దాన్ని పూడ్చాలి, అందులో ఒకటి గణితం ఎక్కువగా ఉండే సీఎస్ 70. ఏడాదిన్నర ఆ టెన్షన్‌తో గడిపాక రెండో ఏడు చివర్లో మేజర్ వెతుక్కోవాలా? ముందే కాదంటే ఇంకో కాలేజీలో హాయిగా సీఎస్ చదువుకుంటారు.

కాకినాడ_టు_కూపర్టీనో:
టీచర్ గారూ, ఆ బాధ నిజమే, కాదనను. అయినా నేను తమ్ముడి వైపే.

మనలో చాలామందిమి ఎంసెట్ రాసి వచ్చాం. ర్యాంకును బట్టి బ్రాంచి, సీఎస్ఈ రాకపోతే సివిల్, అంతే. చేరాక కూడా మేజర్ ఎంచుకునే వీలుందనేగా అమెరికా చదువును మెచ్చుకున్నాం! ఇప్పుడు బర్క్‌లీ కూడా మన కౌన్సెలింగ్ వైపే జరిగింది, అదీ ర్యాంకు లేకుండా. యూసీలు ఎస్ఏటీ స్కోరు చూడవు. హైస్కూలు గ్రేడ్లు, వ్యాసాలు, యాక్టివిటీలు అన్నీ కలిపి చూస్తారు. సీటు రాని పిల్లకు ఎక్కడ తగ్గిందో ఎవరూ చెప్పరు. 3.3 కఠినమే కానీ అందరికీ ముందే తెలిసిన అంకె. 61ఏలో గ్రేడ్లు కూడా పాయింట్లకు కట్టి ఉండేవి, పక్కవాడికి ఎక్కువొస్తే నీకు తగ్గేది కాదు. అదే కాలేజీలో, అదే పాఠం చదివి, అదే పరీక్ష రాసి తేల్చుకునేవాళ్లు. హైస్కూల్లో కోడింగ్ క్లబ్బు ఉందా లేదా అన్నది అక్కడ అడ్డు కాదు.

61ఏలో వెయ్యి మందికి పైగా కూర్చునేవారు. ల్యాబులు, డిస్కషన్లు చాలావరకు అండర్‌గ్రాడ్ టీఏలే (టీచింగ్ అసిస్టెంట్లే) నడిపేవారు. అంతమందికి చెప్పే మనుషులు చాలకపోతే మనుషుల్ని పెంచాలి. తలుపును హైస్కూలు దగ్గరికి జరిపితే ఆ కొరత తీరదు, కళ్లకు కనబడదంతే.

గణితం_టీచరమ్మ:
పెంచితే నాకూ సంతోషమే. పెంచేదాకా పిల్లల్ని రెండేళ్లు ఆశపెట్టి ఆపడం మాత్రం ఒప్పుకోను.

ఫ్రీమాంట్_నాన్న:
అందరికీ ధన్యవాదాలు. డీ ఆంజా కమ్యూనిటీ కాలేజీలో చదివి ట్రాన్స్‌ఫర్‌గా వెళ్తే?

కాకినాడ_టు_కూపర్టీనో:
వెళ్లొచ్చండీ, కానీ అక్కడా సీఎస్‌కే అప్లై చేయాలి. కొన్ని యూసీలు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ గ్యారంటీని బర్క్‌లీ ఇవ్వదు. పాపకు సీఎసే ఇష్టమైతే సీఎస్ అనే పెట్టించండి. ఒక్కో క్యాంపస్‌కి ఒక్కో మేజర్ పెట్టుకోవచ్చు కాబట్టి, చేరాక మారడానికి ఎక్కడెక్కడ వీలుందో ముందే చూసి మిగతావి నింపండి.