ఉగాది విహారం: క్యూకెన్‌హోఫ్, మార్చి 28 (2026) శనివారం – ఎవరెవరు ఏ పని చూసుకుంటారు?

సమన్వయం: అందరికీ నమస్కారం. ఉగాది 19న, గురువారం పడింది. పంచాంగ శ్రవణం ఆ సాయంత్రమే హాల్లో కానిచ్చేసి, నెదర్లాండ్స్‌లోని లిస్సే ఊళ్లో ఉన్న క్యూకెన్‌హోఫ్ పూలతోటకి 28న వెళ్దాం. ఈసారి తోట తెరిచేది కూడా 19నే. టికెట్లకి తేదీతో పాటు లోపలికెళ్లే సమయం కూడా ముందే ఎంచుకోవాలి, అందుకే ఎంతమందో ఆదివారంలోపు చెప్పండి.

ప్రచారం: పోస్టర్ రెడీ అన్నా. ఎర్ర తులిప్‌ల ఫొటో, పైన "రంగుల సముద్రం" అని.

పెద్దల బాగోగులు: తమ్ముడూ, ఆ ఫొటో తీసెయ్. అది ఏప్రిల్ మధ్యలో కనిపించే దృశ్యం. మార్చి చివర బయట క్రోకస్‌లు, డాఫొడిల్స్, కొన్ని హయసింత్‌లు ఉంటాయి. తులిప్‌లు చాలావరకు మొగ్గ మీదే. అక్కడ దుంపలు ఒకదాని మీద ఒకటి వరసలుగా పాతుతారు. త్వరగా పూసేవి పైన, ఆలస్యంగా పూసేవి అడుగున. మనకి దక్కేది పై వరస. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు "ఆ ఎర్ర చాళ్లు ఏవిరా?" అంటే నువ్వే చెప్పుకోవాలి! విల్లెం-అలెగ్జాండర్ పెవిలియన్ లోపల మాత్రం మొదటి రోజు నుంచే తులిప్‌లుంటాయి, చలిగాలి కూడా తగలదు. పెద్దవాళ్లని ముందు అక్కడికే తీసుకెళ్దాం.

ప్రచారం: పోనీ ఏప్రిల్‌కి జరుపుదామా అక్కా?

పెద్దల బాగోగులు: వద్దు. పూల ఊరేగింపు, స్కూలు సెలవులు అన్నీ అప్పుడే. బాబుబండి తోయడానికి దారుండదు. పూలు తక్కువైనా నా ఓటు మార్చికే.

రవాణా: స్కిఫోల్ విమానాశ్రయం నుంచి 858, లైడెన్ సెంట్రాల్ రైల్వే స్టేషన్ నుంచి 854 నంబరు బస్సు. టికెట్‌లో బస్సు కలిపి కొనొచ్చు. కార్లవాళ్లు పార్కింగ్ కూడా ఆన్‌లైన్‌లోనే తీసుకోండి.

భోజనాలు: పులిహోర, వడలు మావి. దద్దోజనం వద్దు, ఆ చలికి ఎవరూ ముట్టరు. శ్రీరామనవమి ఆ వారమే కాబట్టి పానకం, వడపప్పు. టీ ఫ్లాస్కుల్లో. అక్కడే వేడి చేసుకుందామని స్టవ్ మాత్రం ఎవరూ తేవద్దు.

కొత్త సభ్యురాలు: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులండీ. చక్రాల కుర్చీ దొరుకుతుందా?

పెద్దల బాగోగులు: ముందే చెప్పి ఉంచితే దొరుకుతుందమ్మా. తోట 32 హెక్టార్లు, దాదాపు 80 ఎకరాలు. ఇంకెవరికైనా కావాలంటే మొహమాటపడకుండా ఇక్కడే రాయండి, అన్నీ కలిపి ఒకేసారి అడుగుతాను.