బ్లూ నోట్ రికార్డులు: అమెరికన్ ఒరిజినలా, జపాన్ ప్రెస్సింగా?

మూడోగాడి (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. ఒక విషయం తేల్చుకోలేక రెండు నెలలుగా కొట్టుకుంటున్నాను. ఈ ఏడాది రికార్డులకి పక్కన పెట్టిన డబ్బు నలభై వేలు, ఇంట్లో అంతకే ఒప్పించుకున్నాను. నాకు ప్రాణం 1950ల చివర, 60ల మొదట్లో బ్లూ నోట్ అనే అమెరికన్ కంపెనీ వేసిన జాజ్. ఆ డబ్బుతో మరీ అరుదైనది కాని, కాస్త వాడిన అమెరికన్ ఒరిజినల్, అంటే అప్పట్లోనే వేసిన మొదటి ప్రతి, ఒక్కటి కొనొచ్చు. లేదంటే 1970ల చివర్లో జపాన్‌లో కింగ్ రికార్డ్స్ వాళ్లు మళ్లీ అచ్చువేసినవి, అదే జపాన్ ప్రెస్సింగులు, ఆరేడు వస్తాయి. నా స్నేహితుడొకడు "జపాన్ ప్రెస్సింగ్ కొనడమంటే జిరాక్స్ కాపీ కొనుక్కోవడమే" అన్నాడు. ఆ మాట బుర్రలోంచి పోవట్లేదు. నిజమేనా? రెండూ విన్నవాళ్లు చెప్పండి.

సూదిమొన (న్యూజెర్సీ):

మీ స్నేహితుడు కటువుగా అన్నారు గానీ తప్పేం అనలేదు. ఎందుకంటున్నానో చెప్తాను. బ్లూ నోట్ సౌండ్ అని మనం అనేది ఎక్కువగా ఒక్క మనిషి చేతి పని. ఆయన రూడీ వాన్ గెల్డర్. పగలు కళ్లద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టు, మిగతా టైమంతా రికార్డింగ్. 1959 దాకా హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి హాల్లోనే రికార్డు చేసేవాడు, ఆ తర్వాత ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. రికార్డింగ్ చేయడమే కాదు, ఆ టేపులోని శబ్దాన్ని గాడులుగా డిస్క్ మీద కోసింది కూడా ఆయనే. ఏ వాయిద్యాన్ని ఎంత ముందుకి తేవాలి, ఎంత గట్టిగా కోయాలి అన్నది వాయించినవాళ్లని ఎదురుగా విన్న మనిషి తేల్చిన సంగతి. జపాన్ వాళ్లకి చాలావరకు అందింది ఆ టేపుకి కాపీ. కోసింది ఇరవై ఏళ్ల తర్వాత ఇంకెవరో. వాళ్ల పనితనం గొప్పదే, కాదనను, కానీ బాస్ పలచబడి పైస్వరాలు మెరుస్తాయి.

ఇక్కడ ఒక పెద్దాయన ఇంట్లో పియానిస్టు సోనీ క్లార్క్ 'కూల్ స్ట్రటిన్' ఒరిజినల్ విన్నాను. పాట పూర్తయ్యాక ఆయన డిస్క్ తీసి కిటికీ దగ్గర వెలుతురుకి వంచి పట్టుకున్నారు. గాడులు అయిపోయాక లేబుల్ దాకా నున్నగా ఖాళీ జాగా ఉంటుంది చూడండి, అక్కడ ఆర్‌వీజీ అని వాన్ గెల్డర్ పేరు పొడి అక్షరాలు, కాస్త పక్కన చెవి ఆకారంలో చిన్న గీత. ఆ చెవి ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ వాళ్ల పీ అక్షరం. దుమ్ము చప్పుడు ఉంది, రెండో పక్క ఒక గీత టక్కుటక్కుమంది. అయినా పాల్ చాంబర్స్ బాస్ తీగ లాగుతుంటే నేలలోంచి వచ్చినట్టు ఉంది. అదే ఆల్బమ్ కింగ్ ప్రెస్సింగ్ నా దగ్గరే ఉంది. శుభ్రంగా ఉంటుంది, కానీ ఆ బరువు లేదు.

విశాఖ_ఎల్పీ:

సూదిమొన గారూ, పెద్దాయన ఇంట్లో విన్నది మీరు, కొనాల్సింది ఈ అబ్బాయి. 'కూల్ స్ట్రటిన్' మంచి కండిషన్‌లో వేల డాలర్లు. నలభై వేల రూపాయల్లో దొరికే ఒరిజినల్ ఎలా ఉంటుందో నేను చెప్తాను, చేతులు కాలాకే నేర్చుకున్నాను కాబట్టి. పదేళ్ల కిందట విదేశీ అమ్మకందారు ఒకాయన దగ్గర ఒక బ్లూ నోట్ తెప్పించాను. ఫోటోలో అద్దంలా మెరుస్తోంది, గ్రేడు కూడా బాగానే వేశాడు. సూది పెట్టగానే తెలిసిపోయింది. శాక్సోఫోన్ గట్టిగా ఊదిన చోటల్లా గొంతు బొంగురుపోయినట్టు చీలిపోతోంది. అది దుమ్ము కాదు, కడిగితే పోయేది కాదు. అరవైల్లో బరువైన సూదులున్న గ్రామఫోన్ల మీద అరగదీసిన గాడి. గీతలు కంటికి కనపడతాయి, అరుగుదల చెవికే తెలుస్తుంది. అప్పటి నా నెల జీతంలో సగం పోయింది, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

జపాన్ వాళ్ల రికార్డు నిశ్శబ్దంగా ఎందుకుంటుందో కూడా చెప్పుకోవాలి. 1970ల్లో జేవీసీ వాళ్లు సీడీ-4 అని నాలుగు స్పీకర్ల పద్ధతి తెచ్చారు. దానికోసం మనిషి చెవికి అందని ఎత్తైన ఫ్రీక్వెన్సీలు కూడా గాడిలో చెక్కాలి, పదిసార్లు వాయించినా చెరిగిపోకూడదు. అందుకని తొందరగా అరగని, చప్పుడు లేని కొత్త వినైల్ తయారు చేసుకున్నారు. అదే కాలంలో అమెరికాలో చమురు సంక్షోభం వచ్చి రికార్డులు అప్పడాల్లా పలచబడిపోయాయి. పైగా జపాన్‌లో కొన్నవాళ్లు వాటిని చూసుకున్న తీరు వేరు. నలభై ఏళ్ల నాటి రికార్డు నా చేతికి వచ్చినప్పుడు లోపలి కవరు కూడా మడత పడలేదు. మా ఊరి ఉప్పు గాలిలో దాన్ని అలా ఉంచడం నా వల్లే కావట్లేదు.

ఇంకో మాట. సోనీ క్లార్క్‌ని అమెరికాలో ఎవరు పట్టించుకున్నారు? 1963 జనవరిలో 31 ఏళ్లకే పోయాడు. 'కూల్ స్ట్రటిన్' అక్కడ పెద్దగా అమ్ముడవ్వలేదు. దాన్ని నెత్తిన పెట్టుకుంది జపాన్ శ్రోతలు.

రెండుచెవులు (బెంగళూరు):

మీరిద్దరూ పాతకాలం దాటి బయటికి రావట్లేదు. ఇప్పుడు బ్లూ నోట్ వాళ్లే 2019 నుంచి టోన్ పొయెట్ సిరీస్ వేస్తున్నారు. కెవిన్ గ్రే ఒరిజినల్ మాస్టర్ టేపుల నుంచే కోస్తున్నాడు. కాపీ టేపు గొడవ లేదు, అరుగుదల లేదు, ఇండియాకి కొత్తవి వస్తాయి. నలభై వేలకి పది దాకా తెచ్చుకోవచ్చు. ఒబీ అని కవరుకి చుట్టే ఆ కాగితపు పట్టీ ఉందని రేటు పెంచేవాళ్లకి డబ్బు ఎందుకివ్వాలి? సంగీతం వినడానికి కొంటున్నామా, కాగితం కోసమా?

సూదిమొన:

టోన్ పొయెట్ బాగుంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఆ టేపుల వయసు ఇప్పుడు అరవై దాటింది. ఇంకోటి, మూడోగాడి గారికి మధ్యదారి ఒకటుంది, ముందే చెప్పాల్సింది. 1965లో లిబర్టీ కంపెనీ బ్లూ నోట్‌ని కొనేసింది. ఆ తర్వాత కొన్నాళ్లు పాత అచ్చులతోనే ప్రెస్ చేశారు. లేబుల్ మీద లిబర్టీ పేరు ఉంటుంది, చెవి గుర్తు ఉండదు, కానీ ఆ నున్నటి జాగాలో వాన్ గెల్డర్ ముద్ర ఉంటుంది. కోసింది ఆయనే. రేటు ఒరిజినల్‌లో చిన్న ముక్క. విశాఖ గారు చెప్పిన అరుగుదల భయం మాత్రం వీటికీ ఉంది, అందుకే ఫోటో కాదు, వాయించి రికార్డు చేసిన ఆడియో క్లిప్ అడగండి. ఇవ్వనన్నవాడి దగ్గర కొనకండి.

ఓచనోమిజు (టోక్యో):

ఉద్యోగం మీద వచ్చి ఇక్కడ తొమ్మిదేళ్లు. ఓచనోమిజులో జాజ్‌కే ప్రత్యేకంగా ఉన్న డిస్క్ యూనియన్ షాపుకి వారం వారం వెళ్తాను కాబట్టి నా మాట కూడా వినండి.

ముందు ఆ కాగితం సంగతి. ఒబీ అంటే కిమోనో మీద నడుముకి చుట్టుకునే పట్టీ. రికార్డు మీది ఒబీలో జపనీస్‌లో పేరు, వాయించినవాళ్లు, ధర ఉంటాయి. ఇంగ్లీషు చదవలేని కుర్రాడు షాపులో నిలబడి చూసి కొనుక్కోవడానికి పెట్టింది. లోపల జపనీస్‌లో రాసిన వివరాల కాగితం ఉంటుంది. ఇప్పుడు నాకు చదవడం వచ్చింది, ఒక్కో ఆల్బమ్ గురించి ఎంత ఓపికగా రాశారో. రెండుచెవులు గారూ, నేను రేటు ఎక్కువ పెట్టి ఒబీ కొన్నాను, మళ్లీ కొంటాను.

ఇక్కడ ఈ రికార్డుల వెనక జాజ్ కిస్సాలున్నాయి. కిస్సా అంటే కాఫీ కొట్టు. యొకొహామాలో చిగుసా 1933లో మొదలైంది, యుద్ధంలో కాలిపోయింది, మళ్లీ తెరిచారు. యుద్ధం అయ్యాక అమెరికన్ ఎల్పీ మామూలు మనిషి కొనలేని వస్తువు. ఒక్క కాఫీ చెప్పి గంటలకొద్దీ కూర్చుని వినేవాళ్లు. జాజ్ పియానిస్టు తొషికో అకియోషి ఆ చిగుసాలోనే రికార్డులు విని నేర్చుకుంది. చాలా కిస్సాల్లో మాట్లాడకూడదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మా కొలీగ్‌తో ఏదో గుసగుసలాడితే యజమాని వచ్చి ఏమీ అనకుండా పక్కన నిలబడ్డాడు. అప్పుడు ఆపేశాను, ఆ రోజు రెండు పక్కలూ పూర్తిగా విన్నాను. ఇంట్లో అలా ఎన్నడూ విననే లేదు.

ఇక అసలు ప్రశ్న. ఒరిజినల్ అంటే అమెరికాదే అని మీరంతా ఎలా అనుకున్నారు? ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 1964 జులై 14న ఇక్కడ వాయించిన 'మైల్స్ ఇన్ టోక్యో' 1969లో జపాన్‌లో వచ్చింది. అమెరికాలో రావడానికి 2005 దాకా పట్టింది. 1975 ఫిబ్రవరి 1న ఒసాకాలో మధ్యాహ్నం కచేరీ 'అగార్తా', అదే రోజు రాత్రి కచేరీ 'పాంజియా'. రెండూ ముందు ఇక్కడే వచ్చాయి. పియానిస్టు హెర్బీ హాన్‌కాక్ 'డెడికేషన్', 'ఫ్లడ్', 'ది పియానో' జపాన్ కోసమే చేశాడు, దశాబ్దాల పాటు అమెరికా షాపుల్లో దొరికింది దిగుమతైనవే. ఈ ఆల్బమ్‌ల అమెరికన్ ప్రెస్సింగ్‌ని మీ స్నేహితుడు ఏమంటాడు, జిరాక్స్ అంటాడా?

రెండుచెవులు:

అవన్నీ అమెరికన్లు వాయించినవే కదా. జపాన్ వాళ్లు సొంతంగా వాయించింది ఎంత విన్నా నాకు బాగా చదువుకున్న విద్యార్థి పరీక్ష రాసినట్టే ఉంటుంది. తప్పులుండవు, అంతే.

ఓచనోమిజు:

ఈ మాట నాకు బాధ కలిగించింది, అందుకే వివరంగా రాస్తున్నాను. 1970లో ఇక్కడ త్రీ బ్లైండ్ మైస్ అని చిన్న కంపెనీ మొదలైంది, జపాన్ సంగీతకారుల కోసమే. ఇసావో సుజుకి 'బ్లో అప్' 1973లో వచ్చింది. త్సుయోషి యమమొతో ట్రయో 'మిడ్‌నైట్ షుగర్' 1974. ఇది రాత్రి దీపాలు తీసేసి పెట్టుకోండి. పియానో మీద ఒక్క స్వరం గట్టిగా కొట్టి వదిలేస్తాడు, అది ఆరిపోయేదాకా ఎవరూ తొందరపడరు. పరీక్ష రాసేవాడు అలా ఆగడు. సప్పొరోలో ఉండే ర్యో ఫుకుయి 22 ఏళ్లకి గానీ పియానో ముట్టుకోలేదు, తనంతట తనే నేర్చుకున్నాడు. 1976లో 'సీనరీ' చేశాడు. అప్పట్లో హొక్కైడో బయట పెద్దగా ఎవరికీ తెలియని మనిషి. ఆ ఆల్బమ్‌ని యూట్యూబ్‌లో ప్రపంచం అంతా కనిపెట్టింది, ఇప్పుడు ఒరిజినల్ వందల డాలర్లు.

విశాఖ_ఎల్పీ:

రెండుచెవులు గారూ, వయొలిన్ మనదా? యూరప్ నుంచి వచ్చింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాని మీద తోడి వాయిస్తే ఎవరైనా విద్యార్థి అన్నారా? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు, మాండలిన్ ఇటలీది అని ఎవరూ వాదించలేదే. వాయిద్యం ఎక్కడ పుట్టిందో చూసి కాదు, వాయించినవాడు దాంతో ఏం చెప్పాడో చూసి అనండి.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. 1966 జులైలో శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ టోక్యోలో వాయించినప్పుడు పియానో మీద ఉన్నది ఆలిస్ కోల్ట్రేన్. ఆవిడే తర్వాత పుట్టపర్తి సత్యసాయి బాబా భక్తురాలై కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టింది. ఆ కచేరీ ఎల్పీ కూడా జపాన్‌లో వచ్చింది, 1973లో.

రెండుచెవులు:

ద్వారం వారి మాటతో నన్ను ఆపేశారు. 'మిడ్‌నైట్ షుగర్' నిన్న రాత్రి విన్నాను. పరీక్ష మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒబీ మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు.

సూదిమొన:

నేనూ ఒక ముక్క చెప్పి ఊరుకుంటాను. వాన్ గెల్డర్ కోసిన డిస్క్ ఉన్న చోట దాన్ని మించింది లేదు, అది నేను వదులుకోను. కానీ ఆయన కోసిన డిస్కే లేని ఆల్బమ్‌లు ఉన్నాయన్నది నిజం. బ్లూ నోట్ వాళ్లు రికార్డు చేసి బీరువాలో పడేసినవి బోలెడు. 1970ల్లో మైకేల్ కస్కూనా అనే అమెరికన్ నిర్మాత వాటిని తవ్వి తీశాడు. అందులో కొన్నిటిని మొదటిసారి బయటపెట్టింది కింగ్ వాళ్లే. సోనీ క్లార్క్ 1959లో చేసిన 'మై కన్సెప్షన్' అలాంటిదే. హ్యాంక్ మోబ్లీ, డొనాల్డ్ బర్డ్, పాల్ చాంబర్స్, డ్రమ్స్ మీద ఆర్ట్ బ్లేకీ. వాయించినవాళ్లంతా అమెరికన్లు, రికార్డు చేసింది వాన్ గెల్డర్, కానీ మొదటి ప్రెస్సింగ్ జపాన్‌ది, 1979. నా దగ్గర లేదు, చాన్నాళ్లుగా వెతుకుతున్నాను.

మూడోగాడి:

అందరికీ చాలా థాంక్స్. మూడు వారాలు ఆగి, విని, ఓచనోమిజు గారిని వ్యక్తిగతంగా విసిగించి మరీ కొన్నాను. లిబర్టీ లేబుల్‌తో లీ మోర్గన్ 'ది సైడ్‌వైండర్' ఒకటి, అమ్మినవాడు ఆడియో క్లిప్ పంపాకే డబ్బు కట్టాను. జపాన్ నుంచి 'మిడ్‌నైట్ షుగర్' తర్వాతి ప్రెస్సింగ్, 'కూల్ స్ట్రటిన్' కింగ్ ప్రెస్సింగ్, 'మై కన్సెప్షన్' ఒబీతో సహా. దారిలో అట్టపెట్టె మూల నలిగి 'కూల్ స్ట్రటిన్' కవరు అడుగున రెండంగుళాలు చిరిగింది, కొరియర్ వాళ్లు ఫోన్ ఎత్తట్లేదు. డిస్క్‌లకి ఏమీ కాలేదు.

నిన్న రాత్రి కరెంటు పోకముందు 'మై కన్సెప్షన్' మొదటి పక్క పెట్టాను. సూది దిగాక రెండు మూడు సెకన్లు ఏ చప్పుడూ లేదు, సౌండ్ పెట్టలేదేమో అని నాబ్ వైపు చెయ్యి చాచాను. అంతలో అందరూ ఒక్కసారి అందుకున్నారు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఆ పక్క అయిపోయేదాకా కదల్లేదు. సూదిమొన గారూ, బాస్ పలచగా ఏమీ లేదు. డిజిటల్‌లోకి ఎక్కించి మీకు పంపుతాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని చెప్పండి.

సూదిమొన:

పంపండి. నున్నటి జాగాలో ఏం రాసి ఉందో దగ్గరగా ఒక ఫోటో కూడా.