అమ్మానాన్నలకి అలాస్కా క్రూజ్: అమెరికా ఏజెంట్ దగ్గర డాలర్లలో బుక్ చేయొచ్చా?

కృష్ణలంక_కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది విజయవాడ. 2026 జూన్‌లో నాన్న షష్టిపూర్తి, అది అయిపోగానే అమ్మానాన్నల్ని డాలస్‌లో అక్క వాళ్ళ దగ్గరికి పంపి, అక్కడ్నుంచి అందరూ కలిసి సియాటిల్‌లో షిప్ ఎక్కి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ చేసొచ్చేలా ప్లాన్ చేస్తున్నాం. జూనో, స్కాగ్వే, కెచికాన్, వచ్చేప్పుడు విక్టోరియా, ఇదీ రూటు. నాన్న హెడ్మాస్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు, గ్లేసియర్ల గురించి పిల్లలకి పాఠం చెప్పడమే తప్ప కళ్ళతో చూసింది లేదు, అందుకే ఇది ఎలాగైనా చేయాలని ఉంది. అమ్మానాన్నల ఖర్చు మొత్తం నాదే, అక్క చేత కట్టించడానికి నాన్న ససేమిరా ఒప్పుకోరు.

విషయం ఏంటంటే హైదరాబాద్ ఏజెంట్ చెప్పిన రేటుకీ అక్క కొలీగ్ చెప్పిన టెక్సస్ ఏజెంట్ రేటుకీ దాదాపు 60 వేలు తేడా వస్తోంది. అమెరికా ఆవిడ బాల్కనీ క్యాబిన్ ఇద్దరికీ కలిపి సుమారు 4000 డాలర్లు అంటోంది, పైగా షిప్‌లో వాడుకోవడానికి 200 డాలర్ల క్రెడిట్ ఇస్తానంటోంది. ఇప్పుడు 500 డాలర్లు డిపాజిట్, మిగతాది మార్చిలో కట్టాలి. కార్డు ముందూ వెనకా ఫొటో తీసి మెయిల్ చేయమంది, అక్కడే కాస్త జంకుగా ఉంది. ఇక్కడి కార్డుతో డాలర్లలో కడితే ఎంత పడుతుంది, టీసీఎస్ (విదేశీ ఖర్చు మీద ముందే పట్టుకునే పన్ను) ఉంటుందా, రేపు ఏదన్నా తేడా వస్తే మన డబ్బులకి దిక్కెవరు? చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కార్డు_లెక్కలు:
తమ్ముడూ ముందు ఆ ఫొటో మాత్రం పంపకు, ఎంత తెలిసినవాళ్ళు చెప్పిన ఏజెంట్ అయినా సరే. మన దగ్గర ఓటీపీకి అలవాటు పడిపోయాం గానీ బయటి దేశాల్లో చాలా చోట్ల నంబరు, ఎక్స్‌పైరీ, వెనక మూడంకెలు ఉంటే చాలు, ఓటీపీ అడక్కుండానే డబ్బు లాగేయొచ్చు. పేమెంట్ లింక్ పంపమను, లేదంటే ఆవిడ క్రూజ్ కంపెనీకి ఫోన్ చేసి నిన్ను లైన్‌లో కలిపితే నువ్వే కార్డు వివరాలు చెప్పు. కార్డులో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆఫ్‌లో ఉంటుంది, బ్యాంక్ యాప్‌లో లిమిట్ పెట్టి కట్టే రోజు మాత్రం ఆన్ చేసి, అయిపోగానే మళ్ళీ ఆఫ్ చేసేయ్.

ఖర్చు సంగతికొస్తే మామూలు కార్డులకి ఫారెక్స్ మార్కప్, అంటే డాలర్లలో ఖర్చు పెడితే బ్యాంకు వేసే అదనపు ఛార్జీ, 3.5% దాకా ఉంటుంది, దాని మీద 18% జీఎస్టీ, మొత్తం 4.13% అనుకో. 4000 డాలర్లకి 165 డాలర్లు అదనం, డాలర్ 88 లెక్కన 14,500 పైనే. నీ 60 వేల తేడాలో అది తీసేసి చూడు. జీరో మార్కప్ కార్డులు ఉన్నాయి, మార్చి దాకా టైం ఉంది కాబట్టి ఒకటి తీసుకుంటే పెద్ద మొత్తం దాంతో కట్టొచ్చు, కాకపోతే నీ లిమిట్ మూడున్నర లక్షలకి సరిపోవాలి. ఇంకోటి, కట్టేటప్పుడు పేజీలో రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దను, డాలర్లే ఎంచుకో. రూపాయల్లో చూపించే రేటులో వాళ్ళ మార్జిన్ కలిపేసి ఉంటుంది, మన బ్యాంకు దాని మీద కూడా ఛార్జీ వేసే అవకాశం ఉంది.

క్యాన్సిల్ చేస్తే 500 డాలర్లు 500 డాలర్లుగానే వెనక్కొస్తాయి గానీ రూపాయల్లో ఆ రోజు రేటు ప్రకారం వస్తుంది, కట్టిన మార్కప్ మాత్రం సాధారణంగా వెనక్కి రాదు.

బెల్‌వ్యూ_అక్క:
డబ్బుల సంగతి వాళ్ళు చెప్తున్నారు, నేను వీసా గురించి చెప్తా, ఎందుకంటే ప్రతి సమ్మర్‌లో ఇక్కడ సియాటిల్ పోర్టులో మనవాళ్ళు ఎవరో ఒకరు దీని దగ్గరే ఆగిపోయారని వింటూనే ఉంటాం. విక్టోరియా అన్నావు కదా, అది కెనడా. అమ్మానాన్నలకి అమెరికా వీసా ఉంటే సరిపోదు, కెనడా విజిటర్ వీసా కూడా ఉండాలి. రాత్రి కొన్ని గంటలే ఆగుతుంది, మేం దిగం, క్యాబిన్‌లోనే పడుకుంటాం అన్నా కుదరదు, వీసా లేకపోతే సియాటిల్‌లోనే షిప్ ఎక్కనివ్వరు, డబ్బులూ రావు. ఆ స్టాప్ లేని క్రూజ్ చూస్కుందాం అనుకుంటావేమో, సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే అలాస్కా ట్రిప్ ఏది చూసినా దాదాపు కెనడా స్టాప్ ఉంటుంది. విదేశీ జెండా ఉన్న షిప్ అమెరికా పోర్టుల మధ్యే తిరక్కూడదని 1886 నాటి చట్టం ఉంది, పెద్ద క్రూజ్ షిప్పులు దాదాపు అన్నీ విదేశీ జెండావే, అందుకే తప్పనిసరిగా ఒక బయటి దేశం పోర్టు తగిలిస్తారు. వాంకూవర్‌లో ఎక్కేదైతే కెనడా వీసా కావాలని చెప్పక్కర్లేదు.

అక్క వాళ్ళది హెచ్1 (ఉద్యోగ వీసా) అయితే వాళ్ళకీ కెనడా వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉంటే అక్కర్లేదు, పాస్‌పోర్ట్, కార్డు రెండూ ఉంటే చాలు. పేరెంట్స్ బయోమెట్రిక్స్ హైదరాబాద్ వీఎఫ్‌ఎస్ వీసా సెంటర్‌లో ఇవ్వొచ్చు, ఇప్పుడే మొదలుపెట్టు, డబ్బు మొత్తం కట్టే లోపు వీసా చేతిలో ఉండేలా చూస్కో. అమ్మానాన్నల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీయా కాదా కూడా చూడు, కెనడా వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలి కదా.

ఇంకొక మాట, పెద్దవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడి ఉంటే ఆ సంగతి ఏజెంట్‌కి ముందే చెప్పు. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, వాడుక పేరు రాసేస్తే ఫైనల్ పేమెంట్ తర్వాత మార్చడం చాలా కష్టం.

పన్ను_పంతులు:
టీసీఎస్ గురించి. బ్యాంకు నుంచి వైర్ పంపితే ఎల్‌ఆర్‌ఎస్ (బయటి దేశాలకి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన స్కీమ్) కింద వెళ్తుంది, ఏ2 ఫామ్, పాన్ అడుగుతారు. బ్యాంకు దాన్ని టూర్ ప్యాకేజీ కింద రాస్తే 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా కట్టేవాటికి మొదటి రూపాయి నుంచే 5%, ఏడాదికి 10 లక్షలు దాటితే ఆపైన 20%. నీ 3.52 లక్షలకి 17,600 పడుతుంది. హైదరాబాద్ ఏజెంట్ దగ్గర కొన్నా ఇదే టీసీఎస్, ఆయన కొటేషన్‌లో అది కలిపాడేమో అడుగు, కలిపి ఉంటే నీ 60 వేల తేడాలో కొంత నిజమైన తేడా కాదు. ఎందుకంటే అది పోయే డబ్బు కాదు, 26ఏఎస్‌లో (నీ పాన్ మీద జమైన పన్నుల స్టేట్‌మెంట్) కనిపిస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు అవుతుంది లేదా రిఫండ్ వస్తుంది.

క్రెడిట్ కార్డు మీద ఇది లేదు. 2023 మేలో కార్డుల్ని కూడా ఎల్‌ఆర్‌ఎస్‌లోకి తెస్తూ నోటిఫికేషన్ ఇచ్చారు, గొడవయ్యాక జూన్ 28న వాయిదా వేశారు, అప్పట్నుంచి క్రెడిట్ కార్డు ఖర్చు మీద బ్యాంకులు టీసీఎస్ పట్టట్లేదు. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు అయితే ఎల్‌ఆర్‌ఎస్ లెక్కలోకి వస్తాయి. నన్నడిగితే తెలియని ఏజెంట్‌కి వైర్ అసలు వద్దు, వెళ్ళిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడం అయ్యే పని కాదు. కార్డైతే డిస్ప్యూట్ వేసే, అంటే ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకుకి ఫిర్యాదు చేసే దారి ఉంటుంది.

కృష్ణలంక_కుర్రాడు:
అక్కా, కెనడా వీసా సంగతి అసలు ఎవరూ చెప్పలేదు, ఆ టెక్సస్ ఆవిడ కూడా! చాలా థాంక్స్. హైదరాబాద్ కొటేషన్ మళ్ళీ చూశా, పంతులుగారు చెప్పినట్టు టీసీఎస్ కలిపే ఉంది, షిప్ స్టాఫ్ టిప్స్ కూడా కలిపారు. ఇంకొకటి, రేటు తగ్గుతుంది కాబట్టి పేరెంట్స్ అడ్రస్ కింద అక్క డాలస్ అడ్రస్ రాద్దాం అంటోంది ఆవిడ. పర్లేదా?

బుకింగ్_డెస్క్:
ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తున్నా కాబట్టి చెప్తున్నా, ఆ అడ్రస్ పని వద్దు. క్రూజ్ ఫేర్లు చాలావరకు ఏ దేశంలో ఉండేవాళ్ళకి అమ్ముతున్నారనే దాన్ని బట్టి ఉంటాయి, కొన్ని కంపెనీలు అమెరికా ఏజెంట్లని వేరే దేశాల వాళ్ళకి అమ్మనివ్వవు కూడా. ఉండేది విజయవాడలో అని నిజం చెప్పి, ఆ రేటు అప్పటికీ వర్తిస్తుందా అని ఆవిడతో కంపెనీని రాతపూర్వకంగా అడిగించు. వర్తిస్తే నిశ్చింతగా తీసుకో. వర్తించకపోతే అది నీకు రాని రేటు, దాంతో పోలిక పెట్టుకోకు. ఇన్సూరెన్స్‌కి కూడా ఇదే గొడవ, అమెరికాలో క్రూజ్ కంపెనీ అమ్మే ప్రొటెక్షన్ ప్లాన్లు సాధారణంగా అక్కడ నివాసం ఉన్నవాళ్ళకే. పెద్దవాళ్ళకి ఇక్కడ బయల్దేరే ముందే క్రూజ్ కవర్ ఉన్న పాలసీ తీసుకో, షిప్‌లో డాక్టర్ చూస్తే బిల్లు నేరుగా క్యాబిన్ అకౌంట్‌లో పడుతుంది, హెలికాప్టర్‌లో ఒడ్డుకి తీసుకెళ్ళాల్సి వస్తే ఆ ఖర్చు మనం తట్టుకోలేం.

ఏజెంట్ మంచిదా కాదా తేల్చుకోవడానికి చూడాల్సింది ఒకటే, డబ్బు ఎవరి పేరు మీద కట్ అవుతోంది అని. డిపాజిట్ కట్టాక నీ కార్డు స్టేట్‌మెంట్‌లో క్రూజ్ కంపెనీ పేరు రావాలి, ఏజెన్సీ పేరు కాదు. వెంటనే రిజర్వేషన్ నంబరు తీసుకుని కంపెనీ యాప్‌లో నాన్నగారి పేరుతో ఎక్కించి చూడు, క్యాబిన్ నంబరు, కట్టిన 500, మిగతా బాకీ, గడువు తేదీ అన్నీ కనపడాలి. ఇవి కనపడితే రేపు ఆవిడ ఫోన్ ఎత్తకపోయినా మీ క్యాబిన్ మీకు ఉంటుంది. మా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం వేరే దేశపు ఏజెంట్‌కి మొత్తం ముందే కట్టేశారు, ఆ ఏజెంట్ కంపెనీకి డిపాజిట్ ఒక్కటే కట్టి మిగతాది కట్టలేదు, గడువు దాటి క్యాబిన్ రద్దయిపోయింది. యాప్‌లో ఒక్కసారి చూసుకున్నా తెలిసిపోయేది.

ఏజెంట్‌కి కమీషన్ క్రూజ్ కంపెనీయే ఇస్తుంది, నీకిచ్చే 200 డాలర్ల క్రెడిట్ కూడా మామూలుగా అందులోంచే. కానీ క్యాన్సిల్ చేస్తే సొంతంగా ఫీజు పట్టుకునే ఏజెన్సీలు ఉన్నాయి, ఆవిడ షరతులు మెయిల్‌లో పెట్టమను. ఏజెంట్ ద్వారా కొన్నాక మార్పులేవైనా ఆవిడ ద్వారానే, కంపెనీ నీతో నేరుగా మాట్లాడదు. జూన్‌లో టెక్సస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా, అక్క నంబరు కూడా ఇచ్చి పెట్టు. టిప్స్ అమెరికా రేటులో ఉండవు, మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు, ఇద్దరికీ ఏడు రోజులకి 224 నుంచి 280 దాకా.

కృష్ణలంక_కుర్రాడు:
అండీ చాలా క్లియర్‌గా చెప్పారు. టిప్స్, మార్కప్, టీసీఎస్ అన్నీ సర్దితే తేడా 60 నుంచి చాలా కిందకి వచ్చేసింది. విజయవాడ అడ్రస్‌తో ఆ రేటు వస్తుందా అని ఇందాకే మెయిల్ పెట్టా, వస్తుందంటే పేమెంట్ లింక్ మీద డిపాజిట్ కడతా, రాదంటే హైదరాబాద్ ఆయనతోనే కానిచ్చేస్తా. ఏదైనా కానీ కెనడా అప్లికేషన్ ఈ వారమే వేస్తున్నాం. బెల్‌వ్యూ అక్కా, నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి నిజంగానే ఖాళీ, పేరంతా రెండో గడిలో (గివెన్ నేమ్) ఉంది. కెనడా ఫామ్‌లో అది ఎలా నింపాలో తెలిస్తే చెప్పవా?

బెల్‌వ్యూ_అక్క:
పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకపోతే ఉన్న పేరంతా కెనడా ఫామ్‌లో ఇంటిపేరు గడిలో రాసి, రెండో గడి ఖాళీగా వదిలేయాలి. మా మామగారిది అలాగే నింపాం, వీసా వచ్చింది. క్రూజ్ సైట్‌లో రెండో గడి ఖాళీగా వదలనివ్వకపోతే ఏం రాయాలో ఏజెంట్ చేత కంపెనీని అడిగించి, ఆ జవాబు మెయిల్ ప్రింట్ తీసి నాన్నగారి పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టు.