పేరాలో పొసగని వాక్యం: చివరి రెండింటి దగ్గరే ఎందుకు తప్పుతున్నాను?

ప్రశ్న: సింగరాయకొండ ప్యాసింజర్

నవంబరులో క్యాట్ (ఐఐఎంల వంటి చోట్ల ఎంబీఏలో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష) రాయబోతున్నాను. ఇల్లు సింగరాయకొండలో, ఉద్యోగం ఒంగోలులో కావడంతో చదువులో సగం రైల్లోనే సాగుతోంది. లెక్కలతో నాకు పేచీ లేదు, ఇంగ్లీషు విభాగంలో పాసేజీలు కూడా ఫరవాలేదు. నన్ను ఏడిపిస్తున్నదల్లా అయిదు వాక్యాలిచ్చి, వాటిలో నాలుగు కలిస్తే ఒక పేరా అవుతుంది, పొసగని దాని నంబరు టైపు చేయండి అనే ప్రశ్న. మూడు వాక్యాలు ఒకే గూటివని వెంటనే తెలిసిపోతుంది. మిగిలిన రెండింటిలో ఏది బయటిదో తేల్చాల్సి వచ్చినప్పుడు మాత్రం తప్పుడు దాన్నే పట్టుకుంటున్నాను. పోయిన నెలలో ముప్ఫై ప్రశ్నలు చేస్తే పదకొండే సరిపోయాయి. ఆ చివరి రెండింటి మధ్య బొమ్మా బొరుసూ వేసి ఉంటే ఇంతకంటే నయంగా వచ్చేవేమో.

నేను కొన్నాళ్లు వెళ్లిన ఒక శిక్షణ కేంద్రంలో, అన్ని వాక్యాల్లోనూ వచ్చే మాటను పట్టుకోండి, ఆ మాట లేని వాక్యమే జవాబు అని చెప్పారు. ఆ సూత్రం అసలు పరీక్షలో వచ్చిన పాత ప్రశ్నల మీద పనిచేయడం లేదు, ఎందుకంటే వాటిలో అయిదు వాక్యాలూ ఒకే విషయం మీద ఉంటున్నాయి. నేను తప్పు చేసిన ఒక ప్రశ్న నిర్మాణాన్ని అలాగే ఉంచి, విషయాన్ని మాత్రం మన ప్రాంతానికి మార్చి తెలుగులో రాస్తున్నాను.

1. పుట్టిన గడ్డ మీద మాత్రం, ట్రాక్టర్లు వచ్చి దుక్కికీ బండికీ ఎడ్ల అవసరం తగ్గడంతో, ఈ పశువులు పలచబడ్డాయి.
2. ఒంగోలు జాతి పశువులు ఎండకూ, తక్కువ మేతకూ, పురుగూ పుట్రకూ తట్టుకుంటాయి.
3. బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్తల జతలను చూడడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం తరలివస్తారు.
4. ఆ గుణం వల్లనే పంతొమ్మిదో శతాబ్దంలో బ్రెజిల్‌కు చేరిన ఈ జాతి అక్కడి వాతావరణంలో నిలదొక్కుకుంది.
5. నెలోర్ అన్న పేరుతో విస్తరించి, నేడు ఆ దేశపు మాంసపు మందల్లో అధిక భాగం ఇదే అయింది.

నేను 1 అని పెట్టాను. మిగిలినవన్నీ ఆ జాతి గొప్పతనాన్ని చెబుతుంటే అదొక్కటే తరుగుదలను చెబుతోంది కదా అనిపించింది. జవాబు 3 అని ఉంది. ఎక్కడ దారి తప్పానో పెద్దలు చెప్పగలరా?

జవాబు: దర్గామిట్ట మాస్టారు

బాబూ, నెల్లూరులో చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నీ పొరపాటు చాలా మంది తెలివైన పిల్లలు చేసేదే. స్వరం మారిన వాక్యాన్ని నీవు పొసగని వాక్యం అనుకుంటున్నావు. పేరా అన్నాక ఎక్కడో ఒకచోట మలుపు తిరుగుతుంది. ఆ మలుపు వాక్యం మిగతా వాటికి ఎదురు మాట్లాడుతుంది కాబట్టి పరాయిదిలా కనబడుతుంది కానీ, నిజానికి ఆ పేరా రాసిందే దాని కోసమై ఉంటుంది. నీ మొదటి వాక్యంలో ‘మాత్రం’ అన్న మాటను చూడు. ఎక్కడో ఒకచోట ఇందుకు భిన్నంగా జరిగిందని ముందే చెప్పి ఉంటే తప్ప ఆ మాటకు అర్థం లేదు. అది నాలుగు, అయిదు వాక్యాల కోసం చెయ్యి చాచి నిలబడి ఉంది. నాలుగో వాక్యంలోని ‘ఆ గుణం’ రెండో దాని చెయ్యి పట్టుకుంది, అయిదో వాక్యంలోని ‘ఆ దేశపు’ నాలుగో దానిలోని బ్రెజిల్‌ను పట్టుకుంది. అంటే వరస 2, 4, 5, 1. మూడో వాక్యం చెయ్యి చాచడమూ లేదు, దాని చెయ్యి ఎవరూ పట్టుకోవడమూ లేదు.

ఇక రెండో సంగతి. నాలుగు వాక్యాలూ దేని గురించి అని నిన్ను అడిగితే ‘ఒంగోలు పశువుల గురించి’ అంటావు. ఆ జవాబు ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే మూడో వాక్యం కూడా వాటి గురించే. అవి ఏం చెబుతున్నాయి అని అడుగు. ‘తన గట్టితనంతో పరాయి నేల మీద పెరిగిన జాతి సొంత నేల మీద తరిగింది’ అని క్రియతో సహా ఒక పూర్తి వాక్యం వస్తుంది. ఆ వాక్యంలో బండలాగుడుకు చోటు లేదు. విషయానికి క్రియ ఉండదు, వాదానికి ఉంటుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లు విషయాన్ని అయిదింటిలోనూ ఒకటిగానే ఉంచి, వాదాన్ని నాలుగింటిలోనే ఉంచుతారు.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. ఒంగోలు జాతికి బ్రెజిల్‌లో ‘నెలోర్’ అని మన నెల్లూరు పేరు పడడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడి ఒంగోలు తాలూకా అందులోకి వెళ్లే వరకూ అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఒంగోలు ఇప్పుడున్న ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో.

జవాబు: సింగరాయకొండ ప్యాసింజర్

కృతజ్ఞతలు మాస్టారూ. అయితే ఒక సందేహం. పశువులు పలచబడ్డాయి అని చెప్పిన తర్వాత, బండలాగుడు పోటీలకు జనం తరలివస్తారు అన్న వాక్యం ముగింపుగా సరిపోదా? దుక్కిలో అవసరం తీరిపోయినా పోటీల్లో నిలిచాయి అన్న అర్థం నాకు కనబడుతోంది. అలా చూస్తే అయిదూ అతికినట్టే ఉన్నాయి.

జవాబు: దర్గామిట్ట మాస్టారు

మంచి సందేహం. నీవు చెప్పిన అర్థం ఆ వాక్యంలో లేదు, నీవు తెచ్చి పెట్టినది. మూడో వాక్యాన్ని ‘నేటికీ బండలాగుడు పోటీల్లో మాత్రం ఈ గిత్తల జతలను చూడడానికి’ అని మార్చి చదువు. అప్పుడు అది ఒకటో దాని వెనకే ఒద్దికగా కూర్చుంటుంది, నీ వాదన నూటికి నూరుపాళ్లూ నిలుస్తుంది. ‘నేటికీ’, ‘మాత్రం’, ‘ఈ’ అన్న మూడు చిన్న మాటలను ప్రశ్న రాసినవాడు కావాలనే పెట్టలేదు. పైగా ‘ఈ గిత్తలు’ అనకుండా ‘ఒంగోలు గిత్తలు’ అని పూర్తి పేరుతో మొదటిసారి పరిచయం చేస్తున్నట్టు రాశాడు. నాలుగు వాక్యాలు గడిచాక ఎవరైనా పేరును అలా కొత్తగా పరిచయం చేస్తారా?

ఇక్కడే మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఇంగ్లీషులో ఈ పరిచయం అయిందా కాలేదా అన్నది ‘ఎ’, ‘ద’ అనే ఆర్టికల్స్ చెబుతాయి. ఒక వాక్యంలో ‘ఎ కమిటీ’ అనీ, ఇంకొక దానిలో ‘ద కమిటీ’ అనీ ఉంటే, చాలాసార్లు రెండోది మొదటిదాని తర్వాతే వస్తుంది. ‘ద కమిటీ’ ఉండి, ఆ కమిటీ ఏదో చెప్పే వాక్యం ఎక్కడా లేకపోతే దాన్ని అనుమానించవచ్చు. మన భాషలో ఆర్టికల్స్ లేవు కనుక చదివేటప్పుడు మన కన్ను వాటి మీదుగా జారిపోతుంది. ‘దిస్’, ‘సచ్’, ‘హౌఎవర్’ వంటి వాటిని మా పిల్లలు ఇట్టే పట్టేవారు, ‘ద’ దగ్గర మాత్రం పదిమందిలో ఒకరైనా ఆగేవారు కాదు.

జవాబు: కొండపి బ్యారన్

మాస్టారు చెప్పిన చేతుల లెక్క చక్కగా ఉంది కానీ, దానితోనే అన్నీ తెగవని నా అనుభవం. నేను బ్యాంకు పరీక్షల కోసం మూడేళ్లు ఇవే ప్రశ్నలతో కుస్తీపట్టాను. ఏ ముడీ లేకుండా, పేరాకు మొదటి వాక్యంలా నటిస్తూ వచ్చే పొసగని వాక్యం ఒకటుంటుంది, అసలు ప్రమాదం దానితోనే. మాది పొగాకు ఇల్లు కాబట్టి అదే సరుకుతో ఒకటి అల్లాను. బ్యారన్ అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే (క్యూరింగ్ చేసే) కొట్టం, బేలు అంటే కట్టిన ఆకు మూట.

1. కౌలు, కూలి, బ్యారన్ ఖర్చుల కోసం తెచ్చిన అప్పు నెత్తిన ఉండగా, బేలును మళ్లీ ఇంటికి మోసుకుపోయే ధైర్యం చాలామందికి ఉండదు.
2. ప్రకాశం జిల్లాలో తేలిక నేలల్లోనూ నల్లరేగడి నేలల్లోనూ వర్జీనియా పొగాకు పండుతుంది.
3. కొనుగోలుదారులు వేసిన ధర నచ్చకపోతే దాన్ని తిరస్కరించే హక్కు కూడా అతనికి ఉంది.
4. ఆకును బ్యారన్‌లో క్యూరింగ్ చేసి, గ్రేడు కట్టి, బేళ్లు చేసిన రైతు వాటిని వేలం కేంద్రానికి తెస్తాడు.
5. అందువల్ల కాగితం మీద ఉన్న ఆ స్వేచ్ఛ వేలం అరుగు మీదికి వచ్చేసరికి కరిగిపోతుంది.

ముప్పావు మంది 2, 4, 3, 1 అని హాయిగా కట్టుకొని 5 ను బయట పడేస్తారు, లేదా అయిదూ కుదిరాయని తల పట్టుకుంటారు. రెండో వాక్యం ముందు కూర్చుంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, ఎందుకంటే పొగాకు మీద రాసే ఏ పేరాకైనా అది మొదటి వాక్యం కాగలదు. అదే దాని లోపం. ఏ పేరాకైనా సరిపోయేది ఈ పేరాకు చెందినది కాదు. దాన్ని తీసేసి 4, 3, 1, 5 చదవండి, ఏమైనా లోటుందా? ఇప్పుడు దాన్ని ఉంచి 5 ను తీసేసి చదవండి, మాట సగంలో తెగినట్టుంటుంది. మాస్టారి భాషలో వాదం ఏమిటంటే, ధర కాదనే హక్కు రైతుకు ఉన్నా అప్పు ఆ హక్కును వాడుకోనివ్వదు. నేల ఎర్రదైనా నల్లదైనా ఈ వాదానికి ఒరిగేదేమీ లేదు.

చివరి రెండింటి మధ్య చిక్కుకున్నప్పుడు నేను చేసేది ఇదే. రెండు వరసలూ కట్టి, ఒక్కొక్కదాన్ని తీసేసి, లోటు ఎక్కడ తెలుస్తుందో చూస్తాను. ఏది పొసగడం లేదని చూపుతో వెతకడం కంటే ఏది లేకపోతే వెలితిగా ఉంటుందో చెవితో వినడం నాకు కలిసొచ్చింది. మా నాన్న బేలు విప్పకుండా వాసనతోనే గ్రేడు చెప్పేవారు, అంత నైపుణ్యం నాకు రాలేదనుకోండి.

జవాబు: కావలి ఖాళీ కుర్చీ

సమయం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతున్నాను. క్యాట్ ఇంగ్లీషు విభాగంలో ఇటీవలి ఏళ్లలో 40 నిమిషాలకు 24 ప్రశ్నలు, అందులో పాసేజీలవే 16 ఉంటున్నాయి. పొసగని వాక్యాల మీద మనం ఇంత మథనపడేది ఏవో ఒకటి రెండు ప్రశ్నల కోసం. కొండపి గారి పద్ధతిలో రెండు వరసలూ కట్టి చూడడం ఇంట్లో సాధనకు బాగుంటుంది కానీ, పరీక్షలో రెండు నిమిషాలు దాటితే ఆ కాలాన్ని పాసేజీ నుంచి దొంగిలించినట్టే. నంబరు టైపు చేసే ఈ రకానికి తప్పు జవాబుకు మార్కు కోత లేదు, సరైతే 3 మార్కులు. కాబట్టి తేలకపోయినా ఏదో ఒక నంబరు వేయకుండా కదలకూడదు. ఖాళీగా వదిలిన ఒక ప్రశ్నను తలచుకొని నేను ఏడాది పాటు బాధపడ్డాను. బ్యాంకు పరీక్షల్లో మాత్రం తప్పుకు పావు మార్కు పోతుంది గనుక అక్కడ ఈ ధైర్యం పనికిరాదు.

జవాబు: కొండపి బ్యారన్

రెండు నిమిషాల హద్దుకు ఒప్పుకుంటాను. అయితే ఇంట్లో నిదానంగా వంద చేసినవాడికే పరీక్షలో ఆ రెండు నిమిషాలు సరిపోతాయి. గడియారం పెట్టుకొని మొదలుపెట్టినవాడు వందో ప్రశ్నకు కూడా మొదటి ప్రశ్నకు చేసిన తప్పునే వేగంగా చేస్తాడు.

జవాబు: సింగరాయకొండ ప్యాసింజర్

పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. పాత ప్రశ్నలు ఇరవై ముద్రించుకొని, గడియారం చూడకుండా రైల్లో చేశాను. పద్నాలుగు సరిపోయాయి. తప్పిన ఆరింటిలో మూడు మాస్టారు చెప్పిన ‘ద’ దగ్గరే, చెప్పించుకొని కూడా జారిపోయాను. రెండింటిలో కొండపి గారు హెచ్చరించిన మొదటి వాక్యం వేషగాణ్ణి నమ్మాను. మిగిలిన ఒకదానిలో ఎన్ని విధాల కట్టి చూసినా నా జవాబే సరైనదనిపిస్తోంది. దాన్ని విడిగా టైపు చేసి రేపు ఇక్కడ పెడతాను, మాస్టారు తీరిక చేసుకొని చూడాలి.

ప్రస్తుతం ‘ద’ కనబడిన ప్రతిచోటా పెన్సిలుతో చుట్టి, అది ఏ వాక్యంలోని దేన్ని చూపుతోందో అక్కడికి గీత గీస్తున్నాను. నిన్న టంగుటూరులో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ కాగితాలను కాసేపు పరికించి, నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాననుకొని, మనవరాలి శుభలేఖ తీసి ఒకసారి తప్పులు చూసిపెట్టమన్నారు. చూసిపెట్టాను, ముహూర్తం వారం ఒకచోట బుధవారమనీ ఇంకొకచోట గురువారమనీ పడింది.