చిగుళ్లు జారి పళ్ల వేర్లు బయటపడితే ఎలా తోముకోవాలి?

ప్రశ్న: 70 దాటాక చిగుళ్లు జారి వేర్లు కనిపిస్తున్నాయి. తోమితే రక్తం, పైగా నోరు ఎండిపోతోంది. రక్తం వచ్చేచోట బ్రష్ ఆపేయాలా? ఏ పేస్టు మంచిది?

జవాబు 1: ఆపకండి. పాచి పేరుకునే చిగురు వాచి రక్తం వస్తుంది, వదిలేస్తే వాపు ఇంకా పెరుగుతుంది. మెత్తటి బ్రష్‌ను పన్నూ చిగురూ కలిసేచోట 45 డిగ్రీల వాలులో ఆనించి, చిన్న కదలికలతో రోజూ రెండుసార్లు, 2 నిమిషాల చొప్పున తోమండి. అడ్డంగా గట్టిగా రుద్దితే వేరు మొదట్లో గాడి పడుతుంది. సందుల్లో ఇంటర్‌డెంటల్ బ్రష్ (పళ్ల మధ్య దూరే సన్నటి చిన్న బ్రష్) వాడండి, దూరకపోతే చిన్న సైజు తీసుకోండి. రెండు వారాలకీ రక్తం తగ్గకపోతే డెంటిస్టు దగ్గర గార తీయించుకోవాలి. అది బ్రష్‌తో పోదు.

జవాబు 2: వేరు మీద ఎనామిల్ (పంటిని కాపాడే గట్టి పైపొర) ఉండదు కాబట్టి త్వరగా పుచ్చుతుంది. 1000–1500 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి. తోమాక నురగ ఉమ్మేయండి చాలు, నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. పుచ్చు ఎక్కువైతే 5000 పీపీఎం పేస్టు డెంటిస్టే రాస్తారు.

ప్రశ్న వేసినవారు: నోరు ఎండటానికి తీపి బిళ్ల చప్పరించవచ్చా?

జవాబు 3: వద్దండీ, లాలాజలం తగ్గిన నోట్లో చక్కెర నిలిస్తే వేర్లకు అంతకంటే చేటు లేదు. చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి, తరచూ నీళ్లు గుటక వేయండి. బీపీ, అలర్జీ, డిప్రెషన్ మందుల్లో చాలావాటికి నోరు ఎండుతుంది. సొంతంగా మానేయకుండా, మార్చే వీలుందేమో రాసిన డాక్టర్నే అడగండి. షుగరు కూడా చూపించుకోండి, అది అదుపు తప్పితే చిగుళ్లు త్వరగా మానవు.